డాక్టర్ చెప్పే 'స్టేబుల్' అన్న మాటని నానమ్మకి తెలుగులో ఎలా చెప్పాలి?

ఆరో_అంతస్తు
నాన్నకి పక్షవాతం వచ్చి ఈ రోజుకి తొమ్మిది రోజులు. రోజూ పొద్దున పదిన్నరకి డాక్టర్ బయటికొచ్చి "స్టేబుల్" అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోతారు. ఆ వెంటనే నేను ఊళ్లో ఉన్న నానమ్మకి ఫోన్ చేసి ఆ మాట తెలుగులో చెప్పాలి. బాధంతా అక్కడే. నాలుగో రోజు "మార్పేమీ లేదు నానమ్మా" అన్నాను, ఆవిడ ఏడుపు ఆపుకోలేక ఫోన్ పక్కింటి పిన్నికి ఇచ్చేసింది. ఐదో రోజు "నిలకడగా ఉన్నాడు" అన్నాను, "అమ్మయ్య, గట్టెక్కాడు" అని గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టొచ్చింది. నాలుగో రోజుకీ ఐదో రోజుకీ నాన్నలో ఏ తేడా లేదు. అదే మంచం, అదే కుడి చెయ్యి, దుప్పటి మీద నేను ఎలా పెడితే అలాగే. రెండు రోజులూ నేను ఆవిడకి అబద్ధం చెప్పినట్టే అనిపించింది.
కదలకపోవడానికీ మారకపోవడానికీ మనకి ఇన్ని మాటలున్నాయి కదా, మంచీ చెడూ అంటకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పేది ఒక్కటీ లేదా? రాత్రుళ్లు నిద్ర పట్టక మందుల చీటీ వెనక రాసుకుంటున్నాను: ఆగడం, నిలవడం, నిలకడ, స్తంభించడం, స్థిరం, నిశ్చలం, కుదురు. మీకు తోచినవి చెప్పండి.

కాకినాడ_కాజా
"అలాగే ఉన్నాడు" అను తమ్ముడూ. అది ఎటూ మొగ్గదు.

డాలస్_అమ్మ
కాజా గారూ, ఫోన్లో "అలాగే" అంతా గొంతుని బట్టే ఉంటుంది. మా నాన్న హాస్పిటల్లో ఉన్నప్పుడు మావయ్య "అలాగే ఉన్నారమ్మా" అని ఒక్క నిట్టూర్పు విడిచాడు, నేను అప్పటికప్పుడు టికెట్ బుక్ చేసుకుని ఇద్దరు పిల్లలతో బయల్దేరిపోయాను. తీరా వచ్చేసరికి నాన్న దిండుకి ఆనుకుని కూర్చుని ఇడ్లీ తింటున్నారు. మావయ్యకి ఆ రోజు నిద్ర లేక నిట్టూర్పు వచ్చిందంట, అంతే.

గోదారి_గట్టు
మాది భద్రాచలం. "నిలకడ" అన్న మాట మా ఊరివాళ్లు విన్నట్టు ఇంకెవరూ వినరేమో. వరద రోజుల్లో గోదారి నీటిమట్టం గంట గంటకీ చెప్తారు, పెరుగుతోంది, నిలకడగా ఉంది, తగ్గుముఖం పట్టింది. ఈ మూడే. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 1986లో అయితే 75.6. ఇప్పుడు చెప్పండి, 40 అడుగుల దగ్గర నిలకడ అంటే ఇంటికెళ్లి పడుకోవచ్చు. 70 దాటాక నిలకడ అంటే సామాన్లు మేడ మీద, మనుషులు పునరావాస కేంద్రంలో, ఆ నీళ్లు అలా కదలకుండా మన గుమ్మంలోనే కూర్చున్నాయని. మాట అదే. అందుకే మా దగ్గర ఎవరైనా "నిలకడగా ఉందంట" అంటే వెంటనే అడిగే ప్రశ్న, "ఎన్ని అడుగుల దగ్గర?"
మీ నానమ్మకి మాట ఒక్కటే ఇవ్వకండి, అడుగులు కూడా ఇవ్వండి. కళ్లు తెరుస్తున్నాడా, గుర్తుపడుతున్నాడా, ఏం మింగుతున్నాడు. ఆ తర్వాత నిలకడ అనండి. అప్పుడు అబద్ధం అవ్వదు.

ఆరో_అంతస్తు
ఎన్ని అడుగుల దగ్గర అన్నది నాకు తట్టనే లేదు గట్టు గారూ. రేపు అలాగే చెప్తాను. కళ్లు తెరుస్తున్నారు, నన్ను గుర్తుపడుతున్నారు, మాట మాత్రం రావట్లేదు.

పాత_పలక
తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. బాబూ, మీ చీటీలో నిలవడం, నిలకడ ఒకే తల్లి పిల్లలు, 'నిలు' అన్న ధాతువు నుంచి వచ్చినవి. నిలబడు, నిలకడ, నిలవ, నిలువు, నిలుపుదల, నిలదొక్కుకొను, నిలదీయు. ఒక కడుపున పుట్టినా గుణాలు వేరు. నిలకడ మనిషికి గౌరవం. "నిజం నిలకడ మీద తేలుతుంది" అంటాం. అదే నిలవ నీరైతే దోమలు. మళ్లీ నిలవ పచ్చడి అంటే ఏడాదంతా ఇంటికి ధైర్యం. నీటికి చెడ్డది ఆవకాయకి మంచిది. కదలకపోవడంలో మంచీ చెడూ లేవు, కదలనిది ఏది అన్నదాన్ని బట్టే ఉంటుంది. ఎటూ అంటని మాట మీకు దొరకకపోవడానికి కారణం అదే.

సీమ_చిన్నోడు
నిలయం కూడా ఆ కుటుంబమే కదా మాస్టారూ? ఆకాశవాణి నిలయం, గ్రంథ నిలయం.

పాత_పలక
చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ కాదు నాయనా. నిలయం సంస్కృతం, లయంలో ఉన్న 'లీ' ధాతువు అందులో ఉంది. ఒదిగి ఉండే చోటు అని. మన 'నిలు'కి దగ్గరిది నెలవు. నెలకొనడం కూడా.

కోడ్_కూలి
నాకు ఎప్పట్నుంచో ఒక అనుమానం. "ఆగిపోయింది" అంటాం. ఆగడం ఏంటి, మళ్లీ పోవడం ఏంటి? నిలిచిపోయింది, ఉండిపోయాను, మిగిలిపోయింది, పాతుకుపోయింది, గడ్డకట్టుకుపోయింది. కదలని ప్రతి పనికీ వెనకాల ఒక 'పోవడం' తగిలిస్తున్నాం. కదలికని వదిలిపెట్టి ఆగడం మన భాషకి చేతకాదనిపిస్తుంది.

పాత_పలక
మంచి గమనిక, ముగింపుతో మాత్రం ఒప్పుకోను. ఆ 'పోవు' సహాయక క్రియ. పని పూర్తయిందని, మన చేతిలో లేకుండా జరిగిందని చెప్పడానికి వస్తుంది. మారిపోయింది, విరిగిపోయింది, అలిసిపోయాను అనట్లేదా? అక్కడ ఎవరూ ఎక్కడికీ పోలేదు. ఆగడం, మారడం రెండింటికీ అదే తోక.

ఆరో_అంతస్తు
వ్యాకరణం మీరు చెప్పినట్టే ఉండొచ్చు మాస్టారూ. కానీ ఇక్కడ ఐసీయూ బయట కూర్చున్నవాళ్లం ఎవరమూ ఆ తోక వాడట్లేదు. మొన్న పక్క కుర్చీలో ఆయన ఫోన్లో "జ్వరం ఆగిపోయింది" అనబోయి "పోయింది" దగ్గర గొంతు తడబడి "ఆగింది, ఆగింది" అని సరిచేసుకున్నాడు. చెవిలో ఆ ఒక్క ముక్కే పడుతుందని అందరికీ భయం.

డాలస్_అమ్మ
ఇది చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి.

రెంచి_రాజా
నాది టూవీలర్ మెకానిక్ షాపు, ఇరవై రెండేళ్ల నుంచి. మా దగ్గర కదలని బండికి ఒక మాట సరిపోదు, మాట తప్పు చెప్తే పని తప్పు అయిపోతుంది. "ఆగింది" అంటే పెట్రోలో ప్లగ్గో చూస్తాం. "మొరాయిస్తోంది" అంటే ఒకసారి స్టార్టయి ఒకసారి అవ్వట్లేదని. "పట్టేసింది" అంటే ఆయిల్ లేక పిస్టన్ సిలిండర్‌కి అంటుకుంది, కిక్కు కిందికే దిగదు. "బిగుసుకుపోయింది" అంటే తుప్పు. ఇవన్నీ బయటికి ఒకేలా కనిపిస్తాయి, బండి కదలదు.
కొత్త కుర్రాళ్లకి నేను మొదట నేర్పేది తుప్పు బోల్టు గురించే. బిగుసుకుపోయిన బోల్టు మీద బలం చూపిస్తే తల తెగి చేతిలోకి వస్తుంది, కాడ లోపలే ఉండిపోతుంది, ఇక డ్రిల్లు పెట్టాల్సిందే. దాని చుట్టూ ఆయిల్ వేసి రాత్రంతా వదిలెయ్యాలి. మధ్యమధ్య సుత్తితో చిన్నగా తట్టాలి, అంతే. చూసేవాడికి ఏమీ జరగట్లేదు, లోపల బోల్టు చుట్ల సందుల్లోకి ఆయిల్ దిగుతూ ఉంటుంది. పొద్దున స్పానర్ పెడితే కిర్రుమని ఒక్క పావు తిరుగుతుంది చూడండి, ఆ చప్పుడు కోసం నేను టీ కూడా తాగకుండా వస్తాను. మీ డాక్టర్ గారి స్టేబుల్ అలాంటి రాత్రే అనుకో తమ్ముడూ.

కాకినాడ_కాజా
రాజా అన్నా, నా స్కూటీ మొరాయిస్తోందా పట్టేసిందా చూడటానికి ఎప్పుడు రమ్మంటావు?

రెంచి_రాజా
కిక్కు దిగుతోందా? దిగితే మొరాయింపే. తోసుకురా.

కీలు_మేడమ్
ఫిజియోథెరపిస్టుని. రాజా గారి బోల్టు బాగుంది, ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి, మనిషి కీలుని రాత్రంతా కాదు కదా, రోజుల తరబడి అలా వదిలెయ్యకూడదు. పక్షవాతం వచ్చిన కొత్తలో చెయ్యి మెత్తగా వాలిపోయి ఉంటుంది, కొన్ని వారాలకి చాలామందిలో బిగుతు మొదలవుతుంది. డాక్టర్ సరే అన్నాక మెల్లమెల్లగా కీళ్లు కదిలించడం, చేతిని సరైన తీరులో పెట్టడం మొదలుపెట్టకపోతే బిగుసుకుపోతాయి. ఆరో అంతస్తు గారూ, ఫిజియో ఎప్పటి నుంచో మీ డాక్టర్ని ఈ రోజే అడగండి. చెయ్యి పట్టుకుని లాగొద్దు, భుజం దెబ్బతింటుంది.
మాటల సంగతికొస్తే, వార్డులో నేను నోట రానివ్వనిది ఒకటుంది, "చచ్చుబడింది". బయట అందరూ వాడేదే, తప్పు మాట కాదు, కానీ మంచం మీద ఉన్న మనిషికి చెవులు పనిచేస్తుంటాయి. మొద్దుబారింది, తిమ్మిరెక్కింది, కొయ్యబారింది అన్నవాటికి ఇంకా తిరిగొచ్చే దారి ఉంది. కాలు తిమ్మిరెక్కితే పోతుందని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. నేనైతే "చెయ్యి ఇంకా లేవలేదు" అంటాను. ఒక పెద్దాయన నవ్వి, ఎడమ చేత్తో కుడి చేతిని తట్టి "లేవరా" అన్నారు. ఆ తర్వాత రోజూ వ్యాయామానికి ముందు అలా తట్టేవారు.

ఆరో_అంతస్తు
మేడమ్, అడిగాను. రేపటి నుంచి మొదలుపెడతామన్నారు. "చచ్చుబడింది" అని నేను నాన్న మంచం పక్కనే ఫోన్లో రెండుసార్లు అన్నాను. ఇక అనను.

వరంగల్_బిడ్డ
మా దిక్కు "నిమ్మలంగ ఉన్నడు" అంటరు. ఆగమాగం అయ్యేదానికి సరిగ్గా ఎదురు మాట. మనిషి కదిలినా కదలకపోయినా లోపల కలత లేదని. నాకు చిన్నప్పుడు జ్వరమొస్తే మా అవ్వ నెత్తి మీద చెయ్యి పెట్టి "నిమ్మలంగ పండు బిడ్డా" అనేది. ఆ మాటకే సగం జ్వరం దిగేది.
ఇంకోటి, ఎవరూ అనలేదు గానీ, "ఎక్కడేసిన గొంగళి అక్కడే". మా మేనల్లుడు గొంగళి అంటే పురుగు అనుకుంటున్నడు, అది పాకుతది కదా మామా, అక్కడనే ఎట్ల ఉంటది అని అడిగిండు. గొర్రె బొచ్చుతోని కురుమోళ్లు నేసే గొంగడి అని చెప్పి, ఇంట్ల ఉన్నది తెచ్చి పరిచి చూపించిన. ఎత్తి చూడమన్న. మంచి బరువు ఉంటది, గాలికి ఎగరదు, ఎవరన్నా తీస్తే తప్ప జరగదు. సామెత ఎట్ల పుట్టిందో పోరడికి అప్పుడు సమజైంది.

సీమ_చిన్నోడు
పురుగు అనే నేనూ అనుకున్నా ఇన్నాళ్లు!! మా పక్క "గమ్మునుండు" ఉంది. నోరూ కాలూ రెండూ కట్టేసే మాట.

నల్ల_కోటు
కోర్టు మాట ఒకటి ఇస్తాను, యథాతథ స్థితి. స్టేటస్ కో. ఇద్దరు అన్నదమ్ముల మధ్య ఒక స్థలం కేసు నా దగ్గర ఉంది, యథాతథ స్థితి ఉత్తర్వు వచ్చి పదకొండేళ్లు. గోడ కట్టకూడదు, ఉన్న గోడ తియ్యకూడదు. కాగితం మీద ఏ పక్షానికీ మొగ్గని మాట, ఆరో అంతస్తు గారు అడిగింది అచ్చంగా అలాంటిదే. స్థలం యథాతథంగా లేదు మాత్రం. మొన్న వెళ్లి చూస్తే గోడ పగులులోంచి రావి మొక్క లేచి నా భుజం దాకా పెరిగింది. అన్నదమ్ముల్లో పెద్దాయన జుట్టు తెల్లబడింది. ఉత్తర్వు ఆపేది మనుషుల చేతుల్ని, కాలాన్ని కాదు. ఆ మొక్క పీకాలా వద్దా అని కూడా ఇద్దరూ నన్ను విడివిడిగా అడిగారు.

కోడ్_కూలి
రిజర్వ్ బ్యాంకు రెపో రేటు మార్చనప్పుడు పేపర్లో "వడ్డీ రేట్లు యథాతథం" అని వేస్తారు కదా, అదే. కానీ నానమ్మకి ఫోన్ చేసి "నాన్న యథాతథం" అంటే వార్తలు చదువుతున్నాడు అనుకుంటుంది.

ఆరో_అంతస్తు
:) తొమ్మిది రోజుల తర్వాత ఇప్పుడే నవ్వాను.

పాత_పలక
నల్ల కోటు గారు 'స్థితి' తెచ్చారు కాబట్టి ఒక విచిత్రం చెప్పాలి. స్థా అంటే నిలవడం. స్థానం, స్థిరం, స్థావరం, సంస్థ, వ్యవస్థ అన్నీ దాని సంతానమే. అందులోదే అవస్థ. సంస్కృతంలో అవస్థ అంటే ఉత్త స్థితి, ఏ దోషమూ లేదు. మనం తెలుగులోకి తెచ్చుకుని దాన్ని బాధ చేశాం. "బస్సు లేక అవస్థ పడ్డాం" అంటాం. ఒక చోట ఇరుక్కుని నిలబడటమే బాధ అని మనవాళ్లు తీర్మానించినట్టుంది. ఇంకా విచిత్రం గతి. గతి అంటే నడక, కదలిక. దాన్ని మనం స్థితి చేసేశాం, "చివరికి వాడి గతి ఇంతే", "మరో గతి లేదు". నిలబడేది కష్టమైంది, నడిచేది నిలిచిపోయింది. యాభై ఏళ్లుగా ఈ రెండు మాటలూ నన్ను వదల్లేదు.

గోదారి_గట్టు
మాస్టారూ, మా ఊరి పేరులోనే ఉంది కదా. భద్ర అచలం. అచలం అంటే కదలనిది, కొండ. సింహాచలం, అరుణాచలం, వేంకటాచలం అన్నీ అంతే. మా పెదనాన్న పేరు వెంకటాచలం, ఊరంతా "చలం, చలం" అని పిలుస్తారు. కదలనివాడిని కదిలేవాడిగా మార్చేశారు. ఆయన ఆర్టీసీ డ్రైవరు, ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు, కాబట్టి పిలుపే నిజమైంది.

కీలు_మేడమ్
ధ్రువం కూడా కలపండి. ధ్రువ నక్షత్రం కదలదని పేరు, కుల ధ్రువీకరణ పత్రంలో ఉన్నదీ ఆ ధ్రువమే, ఇక మారదు అని గట్టిగా చెప్పడం.

కోడ్_కూలి
అది కూడా కదులుతుంది మేడమ్. ఉత్తర ధ్రువ బిందువుకి అది అర డిగ్రీకి కాస్త ఎక్కువ దూరంలో ఉంది, రాత్రంతా కెమెరా తెరిచి పెడితే చిన్న గీతలా వంగి పడుతుంది. భూమి అక్షం 26 వేల ఏళ్లకి ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి ఆ చోటు ఎప్పటికీ దానిదే కాదు. మా టెర్రస్ మీద నేనే తీశాను ఆ గీత.

వరంగల్_బిడ్డ
ఫొటో పెట్టు అన్నా.

చేను_గట్టు
ఆలస్యంగా చూశాను, మా దగ్గర నాట్లు నడుస్తున్నాయి. అందరూ చెప్పినవి బాగున్నాయి గానీ ఆ అబ్బాయి అడిగింది ఇంకా తీరలేదు. మాకు ఒక మాట ఉంది, "మూన తిరగడం".
నారుమడిలో నారు పీకేటప్పుడు వేళ్లు తెగుతాయి. తెచ్చి దమ్ము చేసిన చేలో నాటుతాం. రెండో రోజు గట్టు మీద నిలబడి చూస్తే కొత్తవాళ్లకి గుండె జారిపోతుంది. ఆకు కొసలు ఎండి, మొక్క పసుపుపచ్చగా వాలి, ఎక్కడ గుచ్చింది అక్కడే ఉంటుంది. వారం, పది రోజులు అంతే. వేలెడు పెరగదు. పొలం చచ్చిపోయిందనే అనుకుంటారు. అప్పుడు కంగారుపడి యూరియా తెచ్చి పొయ్యకూడదు, నీళ్లు నిండా పెట్టకూడదు, పలచగా ఉంచి చూస్తూ ఉండాలి. ఆ పది రోజులూ పైకి కదలిక లేదు గానీ మట్టిలో తెల్లటి కొత్త వేళ్లు దారం పోగుల్లా దిగుతుంటాయి. నేను రోజూ సాయంత్రం ఒక దుబ్బు పట్టుకుని చాలా మెల్లగా పైకి లాగుతాను. జారి వచ్చేస్తే ఇంకా కాలేదు. వేళ్ల మధ్య బిగిసి, రాను అన్నట్టు ఆగితే పట్టు దొరికిందన్నమాట. ఆ తర్వాత రెండు రోజులకి ఆకు పచ్చబడుతుంది, మూన తిరిగింది అంటాం.
మీ నాన్నగారు నాటిన తర్వాతి రోజుల్లో ఉన్నారు బాబూ. మీ నానమ్మది ఏ ఊరు?

ఆరో_అంతస్తు
భీమవరం దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడంతా చేలోనే.

చేను_గట్టు
అయితే ఆవిడకి నువ్వు ఏమీ విడమరచక్కర్లేదు.

పాత_పలక
వింటూనే పెరిగాను గానీ ఈ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. నా పలక మీద రాసుకుంటున్నాను.

డాలస్_అమ్మ
ఆరో అంతస్తు గారూ, రెండు రోజులైంది మీరు రాసి. ఎలా ఉన్నారు నాన్నగారు?

ఆరో_అంతస్తు
నిన్న చెప్పాను. ముందు అడుగులు చెప్పాను, కళ్లు తెరుస్తున్నారు, జావ గొట్టంలోంచే, ఫిజియో వాళ్లు చెయ్యి మెల్లగా వంచి చాపుతున్నారు, ఆయనంతట ఆయన కదపట్లేదు. తర్వాత "నానమ్మా, ఇంకా మూన తిరగలేదు" అన్నాను. చాలాసేపు అటు నుంచి మాట లేదు. ఏడుస్తోందేమో అని నాకు టెన్షన్. అప్పుడు మామూలు గొంతుతో, పొలం కబురు అడిగినట్టే, "నాటి ఎన్నాళ్లయిందిరా?" అంది. పదకొండు రోజులు అన్నాను. "పదకొండేగా. ఈ ఏడు చలి ఎక్కువ, ఇంకో నాలుగు రోజులు ఎక్కువే పడుతుంది. నువ్వు మాటిమాటికీ పీకి చూడకు" అంది.
ఈ రోజు పొద్దున ఆవిడే ఫోన్ చేసి, నేను హలో అనకముందే అడిగింది, వేలు పట్టుకుంటే బిగిస్తున్నాడా అని. నేను లోపలికెళ్లి నాన్న అరచేతిలో వేలు పెట్టాను. తెలియట్లేదు. సాయంత్రం మళ్లీ పెడతాను.

చేను_గట్టు
సాయంత్రమే పెట్టు. చెయ్యి వెచ్చగా ఉంచు.